విశాఖలో కాళ్ల సిరలకు నిలబెట్టి డాప్లర్ స్కాన్ ఎక్కడ తీస్తారు?

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. పూర్ణా మార్కెట్‌లో పాతికేళ్లుగా నిలబడే కూరగాయలు అమ్ముతోంది. సాయంత్రానికి ఎడమ కాలు వాచిపోతుంది, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది. లోపలివైపు చీలమండ పైన చర్మం నల్లబడి, రూపాయి బిళ్లంత పుండు పడింది. రెండు నెలలైనా మానడం లేదు.

ఒక సెంటర్‌లో డాప్లర్ (సిరల్లో రక్తం పారే తీరు చూపే స్కాన్) తీయించాం. పడుకోబెట్టి ఐదు నిమిషాల్లో చూసేసి, రక్తం గడ్డ లేదు, నార్మల్ అని రాసిచ్చారు. కానీ సిరల్లో కవాటాలు సరిగా మూసుకుంటున్నాయో లేదో తెలియాలంటే మనిషిని నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి చూడాలట. పైసిరల్లో రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు కిందికి జారితే లీకు ఉన్నట్టే. అసలు చూడాల్సింది అదే కదా, అదే చూడలేదు.

ఫోటోప్లెథిస్మోగ్రఫీ అని, సిరలు ఎంత త్వరగా నిండుతున్నాయో చూసే ఇంకో పరీక్ష ఉంది. చీలమండ పైన సెన్సర్ అంటించి, పాదం పదిసార్లు పైకీ కిందకీ ఆడించమంటారు. ఆపాక సిరలు 20 సెకన్లలోపే నిండిపోతే లోపమని అర్థం. పాదం సిరలో సూది గుచ్చి ప్రెజర్ కొలిచే పద్ధతి గురించి చెబితే అమ్మ హడలిపోయింది. సూది లేకపోతేనే వస్తానంటోంది.

కేజీహెచ్‌లో గానీ విమ్స్‌లో గానీ ఇవి చేయించుకున్నవాళ్లుంటే దయచేసి చెప్పండి. ఏ ఓపీకి వెళ్లాలి? అమ్మకు షుగర్ కూడా ఉంది. వాపుకి బిగుతు మేజోళ్లు వేసేముందు, కాలికి రక్తం తెచ్చే ధమనులు కూడా చూపించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.