తేలికపాటి ప్రొపెల్లర్ షాఫ్ట్: పవర్ పెరుగుతుందా, డబ్బు దండగా?

బెంజిసర్కిల్_టర్బో: వెనక చక్రాల డ్రైవ్, 2 లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్, బరువు 1500 కిలోలు. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పవర్ తీసుకెళ్లే 10 కిలోల రెండు ముక్కల స్టీల్ షాఫ్ట్ తీసేసి 6 కిలోల ఒకే ముక్క అల్యూమినియంది వేస్తే చక్రాల దగ్గర 10 హెచ్‌పీ పెరుగుతుందంటున్నారు. నిజమేనా? బండి కదిలేటప్పుడు కాస్త వణుకు కూడా ఉంది.

లేత్_మాస్టారు: పది కాదు తమ్ముడూ, ఒకటి కూడా రాదు. షాఫ్ట్ సన్న గొట్టం, బరువంతా మధ్యగీతకు 35 మి.మీ. దూరంలోనే. మూడో గేర్లో అది 1500 నుంచి 4500 ఆర్‌పీఎంకి 8 సెకన్లలో ఎక్కిందనుకో. దాని వేగం పెంచడానికి పోయేది మహా అయితే పావు కిలోవాటు, అంటే అర హెచ్‌పీ కూడా కాదు. మొత్తం షాఫ్ట్ పీకేసినా మిగిలేది అంతే! పైగా అల్యూమినియం గొట్టాన్ని 100 మి.మీ. లావు చేస్తే బరువు బయటికి జరుగుతుంది, జడత్వం తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. ఇక మిగిలిన 4 కిలోలంటావా, డిక్కీలో నీళ్ల క్యాన్ దించినా తగ్గుతాయి.

మంగళగిరి_డ్రిఫ్ట్: హెచ్‌పీ లెక్క ఒప్పుకుంటా మాస్టారూ. కానీ రెండు ముక్కల్నీ మధ్యలో పట్టుకునే సెంటర్ బేరింగ్, దాని రబ్బరు, మధ్య జాయింటు మూడూ పోతాయి కదా. బండి కదిలేటప్పుడు వచ్చే వణుకు చాలాసార్లు ఆ రబ్బరు అరగడం వల్లే. ట్యూన్ చేసి టార్క్ పెంచినవాళ్లకు అది లాభమే.

లేత్_మాస్టారు: రబ్బరు మార్చితే పోయే రోగానికి షాఫ్ట్ మార్చాలా? అసలు కంపెనీ రెండు ముక్కలు ఎందుకు చేసిందో చూడు. 1.5 మీటర్ల ఒకే ముక్క, 75 మి.మీ. గొట్టమైతే 5600 ఆర్‌పీఎం దగ్గర నడుము వంగి కొట్టుకుంటుంది. ఫైనల్ డ్రైవ్ 3.9 అయితే, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ 3.9 చుట్లు తిరిగితే, అది దాదాపు 170 కి.మీ. వేగం. లోహం మార్చితే ఈ హద్దు జరగదు, ఎందుకంటే బరువుకు తగ్గ బిగువు స్టీల్‌కీ అల్యూమినియానికీ దాదాపు ఒకటే. లావు పెంచాలి. 100 మి.మీ. వేస్తే 7500 దాకా వెళ్తుంది, అందులోనూ ముప్పావు వంతు దాటనివ్వకూడదు. కార్బన్ ఫైబర్ సంగతి వేరు, దాని ధరా వేరే.

మంగళగిరి_డ్రిఫ్ట్: 100 మి.మీ. గొట్టం, బండి కింద షాఫ్ట్ వెళ్లే టన్నెల్లో ఎగ్జాస్ట్, హీట్ షీల్డ్ పక్కన పడుతుందో లేదో ముందే కొలవాలి, అది నిజం. రెండు కొనల క్రాస్ జాయింట్ల (వంపులోనూ తిప్పే జాయింట్లు) కోణాల తేడా 1 డిగ్రీ లోపే ఉండాలి, వాటిని పట్టే ఫోర్కులు, అదే యోక్‌లు, ఒకే వరసలో రావాలి. ఫ్లాంజ్ బోల్టులు కొత్తవే వాడాలి. షాఫ్ట్ కొనలో ఉండే రబ్బరు కప్లింగ్ తీసేసి క్రాస్ పెడితే గేర్ల మోత క్యాబిన్‌లోకి వస్తుంది, దానికి సిద్ధపడే చేయించండి.

లేత్_మాస్టారు: బ్యాలెన్సింగ్ మర్చిపోయావు. 6 కిలోల షాఫ్ట్‌కి 6000 ఆర్‌పీఎం దగ్గర జీ16 గ్రేడ్ (బ్యాలెన్స్ ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే కొలమానం) కావాలంటే ఒక్కో కొనలో బరువు తేడా సుమారు ఒకటిన్నర గ్రాము మించకూడదు. ఆటోనగర్‌లో ఇచ్చేముందు ఏ స్పీడులో తిప్పి చూస్తారో అడగండి. లారీ షాఫ్ట్‌కి సరిపోయే బ్యాలెన్స్ దీనికి చాలదు.

బ్రాడీపేట_డీఎస్‌జీ: నాది ముందు చక్రాల డ్రైవ్. నాకేమైనా ఉందా?

లేత్_మాస్టారు: మీ బండికి ఆ షాఫ్టే లేదండీ. ఉన్న యాక్సిల్ షాఫ్ట్‌లు చక్రాల వేగంతోనే తిరుగుతాయి, వాటిలో దొరికేది ఇంకా తక్కువ. ఒక్కో చక్రానికి రెండున్నర కిలోలు తగ్గే అల్లాయ్‌లు చూడండి, నాలుగింటికీ కలిపి 10 కిలోలు పోతాయి.

బెంజిసర్కిల్_టర్బో: అయితే నేను సెంటర్ బేరింగ్, రబ్బరు కప్లింగ్ రెండూ కొత్తవి వేయించి చూస్తా. వణుకు పోకపోతే షాఫ్ట్ కోణాలు కొలిపించి ఇక్కడే పెడతా.