చర్చ: ఫ్రెంచ్ ఆల్ప్స్ ఘాట్ రోడ్డు ఐదు రోజుల్లో మొత్తం దాటాలా, మధ్యలో ఆగిపోవాలా?

విశాఖతీరం:
అందరికీ నమస్కారం. మా పెళ్లై పదేళ్లవుతోంది. జూలై మొదటి వారంలో నేనూ మా ఆవిడా ఫ్రాన్స్ వెళ్తున్నాం. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇద్దరమే వెళ్లడం ఇదే మొదటిసారి. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో దిగి కారు అద్దెకు తీసుకుని, జెనీవా సరస్సు ఒడ్డునున్న థొనో నుంచి మధ్యధరా తీరంలోని నీస్ దాకా 'రూట్ దె గ్రాండ్ ఆల్ప్' మొత్తం వెళ్దామని నా ప్లాన్. సుమారు 700 కిలోమీటర్లు, పదిహేనుకి పైగా కనుమలు, ఐదు రోజులు. రోజుకు 140 కిలోమీటర్లంటే పెద్ద కష్టం కాదనుకుంటున్నాను. తిరుమల ఘాట్, అరకు ఘాట్ చాలాసార్లు నడిపాను. మా ఆవిడేమో ఏదైనా ఒక ఊళ్లో మూడు రోజులుందాం అంటోంది. వారం నుంచి ఇంట్లో ఇదే మాట. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం:
విశాఖతీరం గారూ, మీ ఆవిడ మాట వినండి. మేం కిందటేడు జూన్ చివర్లో ఇదే దారిలో, ఇలాగే ఐదు రోజులు పెట్టుకుని వెళ్లాం. మావారు నడిపారు, నేను పక్క సీట్లో. రెండో రోజు బోఫోర్ అనే ఊరు దాటి పైకెక్కితే రోజ్‌లాన్ సరస్సు వచ్చింది. పచ్చా కాదు నీలమూ కాదు, అలాంటి నీళ్లు. ఒడ్డున చిన్న రాతి చర్చి. ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోతే, అక్కడి చర్చిలాంటిదే మళ్లీ గట్టు మీద కట్టారట. రోడ్డు ఆ నీళ్ల పక్కనుంచే వెళ్తుంది.

ఆ రాత్రి హోటల్లో మావారు నా ఫోన్లో ఫొటోలు చూస్తూ "ఇదెక్కడ?" అని అడిగారు. ఊరికే అంటున్నారనుకున్నాను. కాదు, నిజంగానే అడిగారు. మధ్యాహ్నం ఆ సరస్సు పక్కనే కారు నడిపిన మనిషికి ఆ సరస్సు కనపడలేదు. ఎదురొచ్చే క్యాంపర్ వ్యాన్లు, ముందు ఎగశ్వాసతో తొక్కుతున్న సైకిళ్లు, తర్వాతి మలుపు, ఇవే కనపడ్డాయి. నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఇద్దరం కలిసి వెళ్లాం, చూసింది మాత్రం నేనొక్కదాన్నే.

మర్నాడు ఇజెరాన్ కనుమ. 2,764 మీటర్లు. ఆల్ప్స్‌లో తారు రోడ్డున్న కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైనది అదే. పైన పది నిమిషాలే ఆగాం. ఆ రోజే గాలిబియే (2,642 మీటర్లు) కూడా దాటాలి మరి. అవతలివైపు దిగగానే బొన్వాల్ అనే ఊరు, గోడలూ రాళ్లే, ఇంటి కప్పులూ రాతి పలకలే. ఊళ్లోకి కార్లు రానివ్వరు, బయట పెట్టి నడవాలి. మేం ఆగలేదు. ఇప్పటికీ ఆ ఊరే గుర్తొస్తుంది నాకు.

దూరపుబాటసారి:
కృష్ణాతీరం గారి బాధ అర్థమైంది. కానీ నేను ఒప్పుకోను. ఈ రోడ్డు గొప్పతనమే మొదటి నుంచి చివరిదాకా వెళ్లడంలో ఉంది. 1909లో ఫ్రాన్స్‌లోని టూరింగ్ క్లబ్ అనే పర్యాటక సంఘం వాళ్లు సరస్సు నుంచి సముద్రం దాకా ఒకే దారి ఉండాలని తలపెట్టారు. 1937లో ఇజెరాన్ రోడ్డు తెరిచాక గానీ ఆ ఆలోచన పూర్తి రూపానికి రాలేదు. అంత కష్టపడి వేసిన దారిలో సగానికి వెళ్లి వెనక్కి రావడమేంటి?

గాలిబియే దాటగానే దేశమే మారినట్టుంటుంది. ఇవతల తడి పచ్చిక, ఆవుల మెడల్లో గంటలు, చెక్క ఇళ్లు. అవతల ఆకాశం తేటపడుతుంది, గాలి పొడిబారుతుంది. బ్రియాన్సాన్ కోట వస్తుంది. ఇజోవార్ కనుమ దగ్గర చెట్టూ చేమా లేని రాతి శిఖరాలు. కాయోల్ కనుమ దిగితే దలూయిస్ లోయలో కొండలన్నీ ఎర్రటి ఎరుపు. ఆఖరి రోజు సముద్రం కనపడినప్పుడు మా ఆవిడా నేనూ ఏమీ మాట్లాడుకోలేదు. మంచులో మొదలుపెట్టి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టాం. ఒక్క లోయలో కూర్చుంటే ఇది దొరుకుతుందా? రోజులు చాలకపోతే ఎనిమిది రోజులు పెట్టుకోండి, అంతేగానీ దారిని కోయకండి.

గ్రెనోబ్ల్ తెలుగువాడు:
నేను ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను, వేసవిలో ఈ కనుమల మీదే తిరుగుతుంటాను. ముందు ఒక్క విషయం, అన్నా. తిరుమల ఘాట్ అనుభవాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోకండి. అక్కడ ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి వేరే రోడ్డు. మలుపులో ఎదురుగా బండి రాదు. ఇక్కడ అదే సన్నటి రోడ్డు మీద రెండు వైపులా వస్తారు, పైగా కుడిపక్క నడపాలి. ఇద్దరూ పట్టని చోట దిగే బండి ముందు ఆగాలి, అది ఇక్కడి చట్టం. ఊరి బయట సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలి. అంత చోటు లేకపోతే వాళ్ల వెనకే వెళ్లాలి, హారన్ కొట్టకూడదు. దిగేటప్పుడు రెండో గేర్లో పెట్టి ఇంజన్ మీదే దించండి. బ్రేకులు కాలిన వాసన వస్తే పక్కకి ఆపేయండి.

140 కిలోమీటర్లంటే మన లెక్కలో మూడు గంటలు. కనుమల మీద నాకు గంటకు 35, 40 మించి సాగదు. ఆగేవి, తినేవి కలిపితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టీరింగే.

ఇంకో టెన్షన్: ఇజెరాన్, గాలిబియే చలికాలమంతా మూసి ఉంటాయి, మామూలుగా జూన్‌కి తెరుస్తారు. జూలైలో ఇబ్బంది ఉండకపోవచ్చు గానీ సైకిల్ పందేలున్న రోజు రోడ్డు ఆపేస్తారు. కొండ కిందే బోర్డు ఉంటుంది, కనుమ తెరిచుందో లేదో చూసుకుని ఎక్కండి.

ఐదు రోజులే ఉంటే నా సలహా: జెనీవా విమానాశ్రయంలోనే ఫ్రెంచ్ వైపు కారు తీసుకోండి. ఆరవీ, రోజ్‌లాన్, ఇజెరాన్ కనుమల మీదుగా బొన్వాల్ చేరి రెండు రాత్రులుండండి. తర్వాత గాలిబియే ఎక్కి లొతారే కనుమ మీదుగా లా గ్రావ్‌కి దిగండి. 3,983 మీటర్ల మెయిజ్ శిఖరం, దాని మంచు ఊరికి ఎదురుగానే ఉంటాయి. అక్కడో రాత్రి. ఆఖరున గ్రెనోబ్ల్.

కృష్ణాతీరం:
దూరపుబాటసారి గారూ, ఎనిమిది రోజులైతే నేనూ మీ పక్షమే. కానీ అడిగింది ఐదు రోజుల గురించి. పాత రోజుల్లో ఈ దారిలో రైల్వే కంపెనీ బస్సులు నడిపేది, జనం వాటిలో కూర్చుని కొండలు చూశారు. నడిపేవాడు వేరే ఉన్నాడు. మన కారులో నడిపేది మన మనిషే కదా, అతను చూడొద్దా? మీరు దారిని కోయొద్దంటున్నారు. నేను ఒక మనిషిని దారిలోంచి తీసేయొద్దంటున్నాను.

పప్పుచారు:
శాకాహారులైతే తార్తిఫ్లెట్ చూసి మోసపోకండి, బంగాళాదుంప, చీజ్ మధ్య పంది మాంసం ముక్కలుంటాయి. పాలు, క్రీమ్‌లో వండిన బంగాళాదుంపల వంటకం గ్రాతాన్ దోఫినువా అడగండి. రెబ్లోషాన్, బోఫోర్ చీజ్‌లకు పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లకి ముందే తెలియాలని చెప్తున్నా. మధ్యాహ్నం రెండు దాటితే పల్లెల్లో వంట కట్టేస్తారు. వంటగది ఉన్న బస తీసుకుని చిన్న కుక్కర్ పట్టుకెళ్లండి.

దూరపుబాటసారి:
కృష్ణాతీరం గారూ, మీ మాట కాదనలేను. మా ఇంట్లో ఇద్దరం మార్చి మార్చి నడిపాం, అందుకే నాకు ఆ లోటు తెలియలేదేమో. అయినా సముద్రం దాకా వెళ్లాలనే అంటాను.

విశాఖతీరం:
నమస్తే అండి. ఇప్పుడు రాస్తున్నది ఆయన కాదు, ఆయన భార్యని. ఇదంతా ఇద్దరం కూర్చుని చదివాం. ఆ "ఇదెక్కడ?" దగ్గర ఆయన ఆగిపోయి చాలాసేపు ఏమీ అనలేదు. నాకు ఆరేళ్లుగా లైసెన్స్ ఉంది, రోజూ మధురవాడ నుంచి గాజువాక నడుపుతాను. రెండో డ్రైవర్‌గా నా పేరు రాయిస్తే అదనంగా కట్టాలని ఈయన వద్దన్నారు. ఇప్పుడు రాయిద్దామంటున్నారు. ఇద్దరికీ అంతర్జాతీయ పర్మిట్ కోసం సోమవారం ఆర్టీవో ఆఫీసుకి వెళ్తున్నాం.

బొన్వాల్‌లో రెండు రాత్రులు ఖాయం. నీస్ సంగతి ఇంకా తేలలేదు, ఆయనకి సముద్రం మీద మనసుంది. గ్రెనోబ్ల్ తమ్ముడూ, నాకు గేర్ల కారు అలవాటు లేదు. జూలైకి ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేయాలా? కుడిపక్క నడపడం చేతికి అలవాటు కావడానికి మొదటి రోజు ఏ లోయ రోడ్డు మీద మొదలుపెట్టమంటారు?

గ్రెనోబ్ల్ తెలుగువాడు:
ఇప్పుడే చేయండి వదినా, ఇక్కడ ఎక్కువగా గేర్ల కార్లే ఉంటాయి, వేసవిలో ఆటోమేటిక్ ముందే అయిపోతుంది. మొదటి రోజు మీరు ఆన్సీ సరస్సు ఒడ్డు రోడ్డు మీద పొద్దున్నే, రద్దీ మొదలవకముందు నడపండి. ఆరవీ అన్నకి వదిలేయండి. ఇజెరాన్ మాత్రం బొన్వాల్‌లో ఉన్నప్పుడు, మర్నాడు తెల్లవారగానే, మళ్లీ ఒకసారి మీరు ఎక్కించండి. అక్కడి నుంచి 13 కిలోమీటర్లే. అన్నని పక్క సీట్లో కూర్చోబెట్టండి.