ఈస్టరు పాపసంకీర్తనాలు: ముగ్గురు గురువులతో (ఫాదర్లతో) 300 మందికి ఎలా సర్దాలి?

తపస్కాలం (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) ఐదో వారంలో మా కతోలిక విచారణలో (పారిష్‌లో) సామూహిక పశ్చాత్తాప ప్రార్థన పెడుతున్నాం. వాక్యపఠనం, ఆత్మపరిశోధన అందరికీ కలిపి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), పాపవిమోచనం (గురువు ఇచ్చే పాపక్షమాపణ) ఒక్కొక్కరికీ విడిగా. సబ్‌స్టేషన్ల (విచారణ కింద ఉన్న చుట్టుపక్కల ఊళ్ల) వాళ్లతో కలిపి సుమారు 300 మంది. పక్క విచారణల నుంచి ఇద్దరొస్తే ముగ్గురు గురువులు. మనిషికి 4 నిమిషాలు వేసినా ఒక్కో గురువుకు 400 నిమిషాలు, ఆరున్నర గంటల పైమాటే. ఒక్క సాయంత్రంలో తేలదు.

అందరికీ ఒకేసారి పాపవిమోచనం ఇప్పించమని మాత్రం దయచేసి చెప్పకండి. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) ధర్మశాస్త్రం, 961వ నిబంధన ప్రకారం పండుగ రద్దీ ఒక్కటే అందుకు కారణం కాదు. సబ్‌స్టేషన్ల వారీగా రోజులు పంచినవాళ్లు ఉంటే ఎలా పంచారో చెప్పండి. కూలికి వెళ్లేవాళ్లకు చీకటి పడ్డాకే కుదురుతుంది.

గుడి చిన్నది. వరుస దగ్గరగా ఉంటే మాటలు వినపడతాయి, మైకులో పాట పెడితే గురువుకే వినపడదు. చెవుడున్న పెద్దవాళ్లు గట్టిగా చెప్పేస్తారు. వాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టడం మేలా, లేక పగటిపూట రమ్మనాలా?

అసలు చిక్కు ఇంకోటుంది. గట్టు తగాదాతో రెండు కుటుంబాలకు మాటల్లేవు. కానుక అర్పించే ముందు సహోదరుడితో రాజీపడమనే మత్తయి 5:23-24 ప్రసంగంలో వింటారు, పూజలో శాంతి సమాధానం ఇచ్చిపుచ్చుకునే వేళకు చెరో వైపు తిరుగుతారు. పాపసంకీర్తనంలో విన్నది గురువు బయట ఎత్తకూడదు. పెద్దమనుషులను కూర్చోబెడితే పంతాలు పెరుగుతాయి. ముందుగా ఎవరు కదిలితే బాగుంటుంది: ఊళ్లో బోధ చెప్పే ఉపదేశా, సిస్టర్లా, ఇరువైపుల ఆడవాళ్లా?