సమస్య: ఓడినట్టివాఁడె యుత్తముండు

సంచాలకులు (హనుమకొండ): ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. మిగతా మూడు పాదాలు మీరు పూరించాలె; కవులను వాళ్ల ఊరి పేరుతోనే పిలుస్తా. సందర్భం టేబుల్ టెన్నిస్ జాతీయ జట్టు ఎంపిక. గెలిచినోళ్లను వదిలి ఓడినవాణ్ని తీసుకోవడానికి ఆటలోనే కారణం దొరకాలె. దయ, జాలి చెల్లవు.

పరకాల:

దినము నాడు జట్టు దెలియు నాతని బ్యాటు,
పరుల కద్ది తెలియబడదు మున్ను;
లాంగుపింపులాట లక్షణంబిది! యింట
నోడినట్టివాఁడె యుత్తముండు.

సంచాలకులు: ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మాటను తిరగేశారు, భేష్. లాంగ్ పింపుల్స్ అంటే బ్యాటు మీద పొడవాటి బుడిపెలున్న రబ్బరు. దాని మీద పడ్డ టాప్‌స్పిన్ (ముందుకు తిరిగే బంతి) బ్యాక్‌స్పిన్‌గా (వెనక్కి తిరుగుతూ) తిరిగొస్తది. బ్యాటు కోణం మార్చకుండా మళ్లీ కొడితే బంతి నెట్‌లోకే. శిబిరంలో రోజూ ఆడేటోళ్లకు ఇది అలవాటైపోతది, అందుకే ట్రయల్స్‌లో ఆ ఆటగాడు ఓడుతడు. అయితే రెండో పాదం నిబంధనకు తగులుతున్నది. మ్యాచ్‌కు ముందు ప్రత్యర్థికి బ్యాటు చూపాల్సిందే. పైగా ఒకవైపు నలుపు, రెండోవైపు వేరే రంగు ఉండాలె. కనుక ‘తెలియబడదు’ అనలేం. ఇట్ల మార్చి చూడండి: "పరులు చూచి కూడ పట్టలేరు". యతి ప-ప, ఐదూ సూర్యగణాలే.

మంథని: ఉదాహరణ 2024 బుసాన్ ప్రపంచ టీమ్ పోటీల్లో భారత్-చైనా మహిళల పోరు. బ్యాక్‌హ్యాండ్‌కు మామూలుకు భిన్నమైన రబ్బరు వాడే అయిహిక ముఖర్జీ మొదటి మ్యాచ్‌లోనే నంబర్ 1 సున్ యింగ్‌షాను 3-1తో ఓడించింది. మన హైదరాబాద్ ఆకుల శ్రీజ వాంగ్ యిడిపై 3-0. అయినా చైనా 3-2తో గట్టెక్కింది. ఐదో మ్యాచ్‌లో అదే అయిహిక వాంగ్ మన్యూ చేతిలో ఓడింది. ‘పట్టలేరు’ అన్నది కూడా ప్రతిసారీ నిజం కాదు.

జనగామ:

ఫలితమొకటె గాదు పాయింట్లు చూడుము,
అయిదు గేములందు అల్పభేద
మునను టాపు సీడు నెదురించి పోరాడి
ఓడినట్టివాఁడె యుత్తముండు.

సంచాలకులు: రెండో పాదంలో విసంధి (సంధి చేయాల్సిన చోట చేయలేదు), "గేములందు నల్పభేద" అనండి. మూడో పాదంలో ‘ము’కు ‘నె’తో యతి కుదరదు. "మునను టాపు సీడు ముంగిట నిలబడి" అంటే సరి.

భావానికి ఇంకా బలమైన ఆధారం ఉంది. గ్రూపులో ముగ్గురు గెలుపుల్లో సమానమైతే వాళ్ల మధ్య గేముల నిష్పత్తి చూస్తారు. అ 3-0తో ఇ మీద, ఇ 3-2తో ఉ మీద, ఉ 3-2తో అ మీద గెలిచారనుకోండి. అ నెగ్గిన గేములు 5, పోయినవి 3. ఉకు 5, 5. ఇకు 3, 5. ఉ చేతిలో ఓడిన అ మొదటి స్థానం! గేములూ సమానమైతేనే పాయింట్ల దాకా పోతారు. మీ మొదటి పాదం ఒక మెట్టు దాటేసింది.

కాజీపేట:

కుడికి నెడమ జోడు గుద్దుకొనరు దారి,
జంటయాటలోన సగము బలము;
సింగిలాట లెక్క సేయనేటికి? నందు
నోడినట్టివాఁడె యుత్తముండు.

మంథని: నడక బాగుంది. డబుల్స్‌లో ఇద్దరూ వంతులవారీగా కొట్టాలె కాబట్టి కుడి-ఎడమ జోడీకి అడ్డం పడే బాధ తక్కువ. కాని ప్రపంచ టీమ్ పోటీల్లో డబుల్సే లేవు, ఐదూ సింగిల్స్. పారిస్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ డబుల్స్. అక్కడ కూడా జోడీలో ఒక్కొక్కరికి ఒక సింగిల్స్ ఉండె. ‘లెక్క సేయనేటికి’ అంటే కోచ్ ఊరుకోడు.

కాజీపేట: పద్యం కదలదు. పైన "ఒలింపిక్ జట్టుకు" అని శీర్షిక పెట్టుకుంట.