చవిటి నేలలో మడ మొక్కలు బతకడం లేదు, ఏ శాఖ దగ్గర మొదలుపెట్టాలి?

తీరపల్లె: కోనసీమలో ఉప్పుటేరు పక్కన పదెకరాల చవిటి బీడు ఉంది. ఊరికీ సముద్రానికీ మధ్య అదొక్కటే అడ్డు. అక్కడ మడ అడవి (మాంగ్రోవ్) పెంచాలని పంచాయతీ తీర్మానం చేసింది. ఇదివరకు నాటినవన్నీ ఎండిపోయాయి. ఏ ఆఫీసుకు వెళ్లినా ఇంకో ఆఫీసు పేరు చెబుతున్నారు. ముందు ఎవరిని కలవాలి? కాలవల కొలతలేంటి? మడ పెరిగితే ఉప్పెన ఆగుతుందా?

మడతోట: లోపం మొక్కల్లో లేదు, నీటి దారిలో ఉంది. పోటు నీరు ఎక్కి పల్లంలో నిలిచిపోతే ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పుకి, ఉప్పును బాగా ఓర్చుకునే తెల్లమడ కూడా తట్టుకోలేదు. అందుకని నర్సరీకి డబ్బు కట్టే ముందు లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీయించండి. అమావాస్య, పౌర్ణమి పోటుకు నీరు ఎక్కడిదాకా ఎక్కుతోందో కర్రలు పాతి గుర్తుపెట్టండి. ఆటుకు ఎంతసేపట్లో దిగుతోందో కూడా రాసుకోండి.

ఆ తర్వాత చేపముల్లు పద్ధతి. ఏటి నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా 30–45 డిగ్రీల ఏటవాలులో పిల్ల కాలవలు. పెద్దది పైన సుమారు 3 మీటర్లు, అడుగున 1 మీటరు, లోతు 1 మీటరు. పిల్ల కాలవ లోతు ముప్పావు మీటరు. ఇవి మొదటి అంచనాకే, అసలు లోతు మీ లెవెల్సే చెబుతాయి. గట్టు నిలువుగా కోస్తే వానకు జారి కాలవ పూడిపోతుంది. తీసిన మట్టి అంచున కట్టలా పోస్తే నీరు బీడు మీదికి పారదు, దూరంగా పరచండి. వేసవిలో తవ్వి, వానలకు ఉప్పు కడుక్కుపోయాక, వాలు మధ్యలో నాటండి. గట్టు మీదైతే ఎండుతుంది, అడుగునైతే మునుగుతుంది.

సర్వేనంబరు: మొదటి అర్జీ తహసీల్దారుకే. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు జతచేసి, అటవీ శాఖతో కలిపి జాయింట్ సర్వే అడగండి. రిజర్వు అడవి అయితే పని అటవీ శాఖది, ఊరి తరఫున వీఎస్‌ఎస్ (వన సంరక్షణ సమితి) గానీ ఈడీసీ (పర్యావరణ అభివృద్ధి కమిటీ) గానీ ఉంటుంది. పోరంబోకు అయితే రెవెన్యూ ఒప్పుకోవాలి. తీరంలో తవ్వకం కాబట్టి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ నిబంధనల) అనుమతి సంగతి ముందే తేల్చుకోండి, మిషన్ దిగాక కాదు.

శాఖలన్నిటినీ ఒక్కచోటికి పిలవగలిగేది కలెక్టరే. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు ఆయనే. అటవీ, రెవెన్యూ, డ్రెయినేజీ, మత్స్య శాఖలు ఒకే రోజు బీడు మీదికి వచ్చి ఒకే పటం మీద సంతకాలు పెట్టాలని రాతపూర్వకంగా కోరండి. విడివిడిగా తెచ్చిన లేఖలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. నిధులకు 2023లో మొదలైన మిష్టి అనే కేంద్ర మడ అడవుల పథకం ఉంది, ఉపాధి హామీ, కాంపా (పోయిన అడవికి బదులు అడవి పెంచే నిధి) నిధులను కలిపి వాడుకునేలా దాన్ని రూపొందించారు.

తీరపల్లె: ఏటి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) సగం పూడి ఉంది. అయినా పని మొదలుపెట్టొచ్చా?

డెల్టాడ్రెయిన్: వద్దు. మొగ పూడితే పోటే లోపలికి రాదు, మీ కాలవలు మురుగు గుంటలవుతాయి. మొగ పూడిక డ్రెయినేజీ ఎస్టిమేటులో ముందు చేరాలి. పిల్ల కాలవల పూడికతీతకు కనీసం మూడేళ్ల డబ్బు కూడా ఇప్పుడే రాయించండి. నాటడానికి దొరికే నిధి పూడికకు దొరకదు, తోటలు పోయేది ఎక్కువగా అక్కడే. గేదెలు మడాకు ఇష్టంగా మేస్తాయి, మొదటి రెండేళ్లు కాపలా తప్పదు. పడవల దారీ వలలేసే చోటూ మత్స్యకారులే పటం మీద గీయాలి.

ఉప్పెన సంగతి: మడ అలల జోరు తగ్గిస్తుంది, గట్టు కోతను తగ్గిస్తుంది. పదెకరాల పట్టీ ఉప్పెన నీటిని ఆపలేదు. తుపాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో, జనరేటరులో డీజిల్ ఉందో లేదో అక్టోబరుకు ముందే చూడాల్సిందే.