వయొలిన్ వాయించేవారికి వినికిడి యంత్రం: ఏది చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న (వయొలిన్ ఉపాధ్యాయుడు, తిరుపతి):

నేను భైరాగిపట్టెడలో ఉంటూ ముప్పై ఏళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను, ఇంటి దగ్గర పిల్లలకు నేర్పుతున్నాను. రెండేళ్లుగా పిల్లలు మెల్లగా మాట్లాడితే స, ష, త వంటి అక్షరాలు నాకు అందడం లేదు. పరీక్ష చేయిస్తే 2000 హెర్ట్జ్ వరకు వినికిడి ఇంచుమించు మామూలుగానే ఉందనీ, 4000 దగ్గర మాత్రం కుడి చెవిలో 40, ఎడమ చెవిలో 55 డెసిబెల్స్ లోపం ఉందనీ తేలింది.

ఒక దుకాణంవారు వారం రోజులు వాడి చూడమని ఒక జత యంత్రాలు ఇచ్చారు. మాటలు చక్కగా వినిపించాయి, అందులో వంక పెట్టడానికి లేదు. పాఠం మొదలుపెట్టగానే కష్టాలు మొదలయ్యాయి. శ్రుతిపెట్టె వేసిన కొద్దిసేపటికే దాని నాదం, ఎవరో తలుపు దగ్గరగా వేసినట్టు, మెల్లగా వెనక్కి తగ్గిపోయింది. లేచి చూస్తే పెట్టె మోగుతూనే ఉంది. పంచమం మీద కమాను నిలిపి లాగితే ఆ స్వరం వెంట మరొక సన్నని స్వరం వణుకుతూ వచ్చింది. తారస్థాయిలో గట్టిగా వాయిస్తే నాదం పగిలి బొంగురుపోయింది. దుకాణంవారు ఎక్కువ ఛానళ్లున్న, అంటే శబ్దాన్ని ఎక్కువ భాగాలుగా విడదీసి వేర్వేరుగా సర్దే, ఖరీదైన రకం తీసుకుంటే అన్నీ సర్దుకుంటాయంటున్నారు. డబ్బు పోసే ముందు తెలిసినవారి మాట వినాలనిపించింది.

మొదటి జవాబు (ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణుడు):

అయ్యా, మీరు చెప్పిన మూడూ ఒకే జబ్బు కావు. మూడింటికీ కారణాలు వేరు. అందుకే ఛానళ్ల సంఖ్య పెంచితే అన్నీ పోతాయన్న మాటను నేను ఒప్పుకోను.

శ్రుతి వెనక్కి పోవడానికి కారణం రొదను తగ్గించే ఏర్పాటు. మాట క్షణక్షణం ఎక్కువ తక్కువలవుతూ ఉంటుంది, ఫ్యాను చప్పుడు ఒకే తీరుగా సాగుతుంది. ఒకే తీరుగా సాగేదాన్ని రొదగా ఎంచి అణచివేయమని యంత్రానికి నేర్పారు. పాపం, దానికి తంబురా అంటే ఏమిటో తెలియదు. ఇక పంచమం వెంట వచ్చిన దొంగ స్వరం, ఈల రాకుండా ఆపే ఏర్పాటు చేసిన పని. నిలకడగా సాగే స్వచ్ఛమైన స్వరాన్ని అది ఈల అనుకొని, రద్దు చేయబోయి తానొక స్వరాన్ని చేరుస్తుంది. సంగీతానికి ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ (యంత్రంలో విడిగా దాచుకునే సర్దుబాటు) పెట్టించి, అందులో మొదటిదాన్ని పూర్తిగా ఆపివేసి, రెండోదాన్ని ఆపివేయడమో బాగా మందగింపజేయడమో చేయిస్తే ఈ రెండు బాధలూ చాలావరకు తీరతాయి. పై స్వరాలను కిందికి దించి వినిపించే సదుపాయం ఉంటే దాన్ని కూడా ఆ ప్రోగ్రామ్‌లో ఉంచవద్దు. అది హార్మోనిక్స్‌ను, అంటే ప్రతి స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలను, వాటి చోటునుంచి కదిలిస్తుంది.

మూడోదే యంత్రం ఎంపికకు సంబంధించినది. మామూలు సంభాషణ 65 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. చెవికి జానెడు దూరంలో ఉన్న వయొలిన్ గట్టి కమానుకు 100 డెసిబెల్స్ దాకా పోగలదు. మైకు అందుకున్న శబ్దాన్ని అంకెలుగా మార్చే భాగానికి ఒక హద్దు ఉంటుంది. మాటల కోసమే తయారైన అనేక యంత్రాల్లో అది 95 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉండేది. ఆ హద్దు దాటిన శబ్దం శిఖరాలు ప్రవేశంలోనే తెగిపోతాయి, ఒకసారి తెగినదాన్ని తరువాత ఏ సర్దుబాటూ అతికించలేదు. వైడెక్స్ వంటి కొన్ని సంస్థలు ఈ హద్దును 113 డెసిబెల్స్ వరకు పెంచాయి. కాబట్టి దుకాణంలో ఛానళ్లు ఎన్ని అని కాక, మైకు ఎంత గట్టి శబ్దాన్ని చెడకుండా తీసుకుంటుందని అడగండి.

పగులు అక్కడిదేనా అని ఇంట్లోనే చూసుకోవచ్చు. యంత్రం వాల్యూమ్ బాగా తగ్గించి, అంతే గట్టిగా వాయించండి. చిన్నగా వినిపిస్తూ కూడా బొంగురు అలాగే ఉంటే దోషం ప్రవేశంలోనే ఉన్నట్టు. తరువాత మైకు రంధ్రాల మీద పారదర్శకమైన టేపు మూడు నాలుగు పొరలు అంటించి మళ్లీ వాయించండి. సంగీతకారుల వినికిడి మీద దీర్ఘకాలం పనిచేసిన కెనడా ఆడియాలజిస్టు మార్షల్ చేసిన్ (Marshall Chasin) చెప్పిన ఉపాయం ఇది. సుమారు 10 డెసిబెల్స్ లోపలికి రాకుండా ఆపుతుంది.

ఒక మాట. ఎడమ చెవి వాద్యానికి దగ్గర కాబట్టి అక్కడ లోపం ఎక్కువన్నది నిజమే కావచ్చు. అయినా రెండు చెవులకూ తేడా ఉన్నప్పుడు, కొనేముందు ఒకసారి రుయా ఆస్పత్రిలో గానీ మరెక్కడైనా గానీ చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించండి.

రెండో జవాబు (నాదస్వర కళాకారుడు, చిత్తూరు):

పై వారు చెప్పినదంతా సరే గానీ, వాయించేటప్పుడు యంత్రం పెట్టుకొని తీరాలా అన్నది ముందు ఆలోచించండి. మనవంటి లోపంలో మెల్లని శబ్దం వినబడదు గానీ గట్టి శబ్దం దాదాపు గట్టిగానే వినబడుతుంది. నేను పాఠం చెప్పేటప్పుడూ, ఇంట్లో మనవరాలితో మాట్లాడేటప్పుడూ పెట్టుకుంటాను. డోలు పక్కన కూర్చున్నానంటే తీసి డబ్బాలో పెడతాను. కచేరీలో పక్కవారు చెప్పేది వినబడక ఒకసారి వర్ణం మొదలుపెట్టవలసిన చోట కీర్తన ఎత్తుకున్నాను, ఆ నష్టం మాత్రం ఉంది.

నా మొదటి జత విషయంలో మోసపోయింది చెవిలో పెట్టే రబ్బరు మూత దగ్గర. రంధ్రాలు లేని మూత వేశారు, ఊదుతుంటే నా నాదం నా తలలోనే, కుండలో తల పెట్టినట్టు మోగింది. మీకు కింది స్వరాలు బాగానే వినబడుతున్నాయి గనుక గాలి ఆడే మూతే అడగండి. వాద్యాన్ని వెంట తీసుకుపోయి, ఆడియాలజిస్టు గదిలోనే వాయిస్తూ సర్దించుకోండి. నేను నాదస్వరం ఊదేసరికి పక్క గదిలోవాళ్లు లేచి వచ్చారు. వయొలిన్‌కు ఆ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం వాల్యూమ్ బాగా తగ్గించి తారస్థాయి షడ్జం వాయించాను. చిన్నగా, కానీ అదే బొంగురుతో పలికింది. టేపు నాలుగు పొరలు వేశాక బొంగురు పోయింది, దానితో పాటు పిల్లల మాటలూ సగం పోయాయి. కాబట్టి ఈ జత తిరిగి ఇచ్చేస్తున్నాను. ముందు వైద్యులకు చూపించి, వచ్చేవారం వయొలిన్ తీసుకొని మరొకచోటికి వెళ్తాను. ఒక సందేహం: సంగీతం ప్రోగ్రామ్‌లో ఉండగా శిష్యుడు మాట్లాడితే ప్రతిసారీ మార్చుకోవాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

యంత్రం మీదున్న మీట నొక్కితే మారేలా పెట్టించుకోండి. దానంతట అదే మారే ఏర్పాటు మాత్రం వద్దు. ఆలాపన మధ్యలో అది మాటల ప్రోగ్రామ్‌కు దూకితే శ్రుతి మళ్లీ వెనక్కి పోతుంది.