బానెట్ మీద క్లియర్ కొడితే గుంటలు పడుతున్నాయి, ఇది మూడోసారి. ఎవరైనా చెప్పండి

కాకినాడ కాజా:
పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను, ఇప్పుడు సాయంత్రం ఐదు. భోజనం కూడా నిలబడే తిన్నాను. కారు బానెట్ మీద క్లియర్ కోట్, అదే రంగు పైన వేసే పారదర్శక పొర, పొట్టు లేచిపోయింది, ఎండకు కాలిన వీపు మీద తోలు ఊడినట్టు. షెడ్డులో అడిగితే బానెట్ ఒక్కదానికే ఆరు వేలన్నారు. మనమే కొడదాంలే అని వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం), స్ప్రే డబ్బాలు తెచ్చుకున్నా. పేపరు కొట్టా, కడిగా, ఆరబెట్టా, క్లియర్ కొట్టా. అర నిమిషం తిరక్కుండా గుండ్రంగా చిన్న చిన్న గుంటలు. ఒకటి ఆవగింజంత, ఇంకోటి శనగగింజంత. క్లియర్ అక్కణ్ణుంచి పక్కకు జరిగిపోయి కింద రంగు కనిపిస్తోంది. మళ్ళీ పేపరు, మళ్ళీ క్లియర్, మళ్ళీ అవే గుంటలు. రెండు డబ్బాలు ఖాళీ. డబ్బాలే కల్తీవా? మా ఆవిడ గుమ్మంలోంచి చూసి ఏమీ అనకుండా లోపలికెళ్ళింది. తిట్టినా బాగుండేది.

రెండు ముక్కలు:
సిలికాన్. తుడవండి.

కాకినాడ కాజా:
తుడిచానండీ, శుభ్రంగా తుడిచా. సిలికాన్ నేనేమీ వాడలేదు.

వేపచెట్టు నీడ:
అసలు పొట్టు ఎందుకు లేచిందో ఎవరూ అడగరేం? క్లియర్ పొర మందం నలభై, యాభై మైక్రాన్లు ఉంటుందేమో, మన తల వెంట్రుక కన్నా పల్చన. ఎండలోని అల్ట్రావయొలెట్ దాన్ని రోజూ కొరుక్కు తింటుంది. అందుకే ఎండ నేరుగా పడే బానెట్, టాప్ ముందు పోతాయి, డోర్లు నిలబడతాయి. పైగా జనం దుమ్ము దులపకుండానే కవరు కప్పేస్తారు. గాలికి ఆ కవరు ఊగుతూ గరుకు కాగితంలా రుద్దుతుంది. పిట్ట రెట్ట పడితే ఆదివారం దాకా ఆగుతారు. బోరు నీళ్ళతో కడిగి ఎండలో ఆరనిస్తారు, తెల్లటి మచ్చలు దిగిపోతాయి. మా బండికి పదకొండేళ్ళు. నీడలో పెడతా, రెట్ట పడిన గంటలో తడిగుడ్డ వేసి నాననిచ్చి తీస్తా, రుద్దను. ఇవాళ్టికీ ముఖం చూసుకోవచ్చు. చెట్టు కింద పెట్టేటప్పుడు కూడా జిగురు కారే చెట్టా కాదా చూసుకోవాలి. అది ఇంకో పెద్ద కథ...

రెండు ముక్కలు:
ఆయన అడిగింది గుంటల గురించి.

గన్ను పట్టినోడు:
కాజా గారూ, మీరు చెప్పనివే ఎక్కువున్నాయి. రంగు మామూలు సాలిడా, మెరుపు పొడి కలిసిన మెటాలిక్కా? పేపరు ఏ నంబరు? డబ్బా ఒక్క మందే ఉండే వన్‌కేనా, కింద బటన్ నొక్కితే గట్టిపరిచే హార్డెనర్ కలిసే టూకేనా? పేపరు కొట్టేటప్పుడు కారిన నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి? పాలలా తెల్లగా కారితే క్లియర్ తెగుతున్నట్టు. కారు రంగే నీళ్ళలోకి వస్తే బేస్ దాకా, అంటే కింది రంగు పొర దాకా వెళ్ళిపోయారు, దాని మీద క్లియర్ ఎంత కొట్టినా మచ్చ అలాగే కనిపిస్తుంది. ఇంకో మాట, ఈ వారంలో ఆ బానెట్ మీద ఏం రాశారు? సబ్బు దగ్గర్నుంచి చెప్పండి.

కాకినాడ కాజా:
గ్రే మెటాలిక్. 800 పేపరు, తర్వాత 1000. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి, చివర్లో ఒక మూల కొంచెం గ్రే వచ్చినట్టుంది, చూడలేదు. డబ్బా మీద 'ఎక్రిలిక్ లాకర్' అనుంది, కింద బటన్ లేదు.

పాత అంబాసిడర్:
అదిగో, లాకర్! థిన్నర్ ఆరగానే గట్టిపడే పెయింటు అది. లాకర్ వేరు, క్లియర్ వేరు. ఇప్పటి కుర్రాళ్ళు రెండూ ఒకటే అనుకుంటున్నారు. మా రోజుల్లో డ్యూకో అనేవాళ్ళం.

గన్ను పట్టినోడు:
బాబాయ్, డ్యూకో అనేది రంగు రకం కాదు, పేరు. 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ వాళ్ళు తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్‌కి పెట్టుకున్న పేరు. మన షెడ్లలో ఏ స్ప్రే పెయింటైనా డ్యూకోనే అయిపోయింది. పైన పారదర్శకంగా వేసే పొర ఏదైనా క్లియరే. లాకర్‌తోనూ వేస్తారు, పీయూ (పాలీయురథేన్)తోనూ వేస్తారు.

పాత అంబాసిడర్:
నువ్వు గన్ను పట్టకముందే నేను పెయింటర్ పక్కన కూర్చుని టీలు తాగాను నాయనా. డ్యూకో మీద పైపొర ఉండేది కాదు. కటింగ్ పాలిష్ పట్టిస్తే రంగే మెరిసేది, గుడ్డకు రంగే అంటేది.

గన్ను పట్టినోడు:
అది నిజమే, కాదనలేదు. ఇప్పటికీ కొన్ని సాలిడ్ తెలుపు బండ్లు అంతే. కాంపౌండ్ రుద్దితే గుడ్డకు తెలుపు అంటితే దాని మీద క్లియర్ లేనట్టే. ఈయనది మెటాలిక్, క్లియర్ ఉంటుంది.

డాలస్ డాబా:
బటన్ ఉన్న టూకే డబ్బా తెచ్చుకోండని ఎవరైనా చెప్పబోతుంటే, ముందు ఇది వినండి. అందులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా వస్తుంది. కోవిడ్ నాటి గుడ్డ మాస్కు పనికిరాదు. నేనిక్కడ గరాజ్‌లో మిర్రర్ క్యాప్‌లు చేసుకున్నా, పెయింటు ఆవిర్లను ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా డబ్బా ముట్టలేదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

కాకినాడ కాజా:
అయ్యా, నాది బటన్ లేని డబ్బా. గుంటల సంగతి చెప్పండి. ఇప్పుడు దాని మీద పొగ పట్టినట్టు తెల్లగా కూడా అయింది.

గన్ను పట్టినోడు:
ఆ తెలుపు తేమ వల్ల. సముద్రపు ఊరు, సాయంత్రం. లాకర్‌లో థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలో తడి దాని మీద చేరుతుంది. అది వేరే జబ్బు. నా ప్రశ్నకు జవాబు రాలేదు, బానెట్‌కి ఏం రాశారు?

కాకినాడ కాజా:
ఏమీ రాయలేదండీ. మొన్న రాత్రి ఇంట్లో డాష్‌బోర్డు పాలిష్ ఉంటే, పొట్టు లేచిన చోట మెరుస్తుందేమోనని రాసి చూశా, అంతే. తర్వాత షాంపూతో కడిగేశా. అది పాలిషే కదా?

రెండు ముక్కలు:
😑

గన్ను పట్టినోడు:
ఆ పాలిష్‌లో ఉండే జిడ్డేనండీ సిలికాన్. షాంపూకి లొంగదు. మీరు తుడిచినా ఆ జిడ్డు తీయకుండానే పేపరు కొట్టారు కాబట్టి ఆ గీతల్లోకి ఇంకా దిగింది. క్లియర్ దాని మీద పరుచుకోలేక, జిడ్డు పళ్ళెంలో నీళ్ళలా పక్కకు తప్పుకుంటుంది. ఇవాళ ఇంక ముట్టకండి, గట్టిపడనివ్వండి. రేపు పెయింట్ షాపులో వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ అడగండి. పెట్రోలు, కిరసనాయిలు వద్దు, అవే జిడ్డు వదులుతాయి. గట్టి థిన్నర్ కూడా వద్దు, క్లియర్ పోయిన చోట రంగు ఊడి వస్తుంది. ఒక గుడ్డతో తడిపి, అది ఆరకముందే ఇంకో పొడిగుడ్డతో ఎత్తేయండి. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు ఊరంతా తిప్పినట్టే. గుడ్డలు మారుస్తూ మూడు నాలుగు సార్లు. ఆ తర్వాతే పేపరు, గుంటలు పోయేదాకా. పొట్టు అంచు వేలికి తగలకూడదు, తగిలితే పైన క్లియర్ కొట్టాక దేశపటంలా కనిపిస్తుంది. మళ్ళీ తుడవండి. గ్రే వచ్చిన మూల మీద బేస్ కలర్ ముందు పడాలి. క్లియర్ పొద్దున తొమ్మిది తర్వాత, నీడలో, రేకు వేడెక్కకముందు. మొదటి రెండు పూతలూ మంచు రాలినట్టు పల్చగా, మధ్యలో పది పదిహేను నిమిషాలు ఆగి. ఆ తర్వాతే తడిగా. బానెట్ మధ్యలో ఆపకండి, అంచు నుంచి అంచు దాకా వెళ్ళండి.

పాత అంబాసిడర్:
గుడ్డ సంగతి బాగా చెప్పావు. డ్యూకో మాట మాత్రం నేను ఒప్పుకోను.

వేపచెట్టు నీడ:
వన్‌కే క్లియర్ ఎండకు ఎన్నాళ్ళు ఆగుతుంది? పెట్రోలు చుక్క పడితే కరుగుతుంది. నీడ ఉందా మీ ఇంటి దగ్గర?

కాకినాడ కాజా (నాలుగు రోజుల తర్వాత):
గుంటలు రాలేదు. మూల మచ్చ కనిపిస్తోంది, ఎడమవైపు నిలబడి చూస్తేనే. థాంక్స్ అండీ. నీడ లేదు.

కొత్త లైసెన్స్:
సార్, నాకు ఇదే సమస్య, కానీ బంపర్ మీద. ప్లాస్టిక్‌కి కూడా ఇదే పద్ధతా?